చూపునరమునకు దెబ్బ తగిలినప్పుడు

కంటికి గాయము లేకుండనే చూపు పోవుట కలదని చెప్పినచో మా విద్యార్థులలో ననేకులు నమ్మజాలరు. మేమును స్వయముగా చూచిన పిమ్మటనే నమ్మితిమి.

2019వ సంవత్సరమున పదవ తరగతి బాలుడొకడు సైకిలుపైనుండి పడెను. కుడి కనుబొమ్మపై కొంచెము గీచుకొనెనే గాని కన్ను తేటగానే యుండెను. ఇంటివారు పసుపు అద్ది యూరకుండిరి. మరునాడు వాడు తరగతిలో, "మాస్టారూ, ఎడమ కన్ను మూస్తే అంతా చీకటిగా ఉందండీ" అనెను. మేము వెంటనే వాని తండ్రిని పిలిపించి, ముగ్గురమును నేత్రవైద్యునియొద్దకు పోతిమి.

వైద్యుడు చిన్న దీపమును కంటినుండి కంటికి మార్చి మార్చి చూపెను. ఎడమ కంటిపై వెలుగు పడగానే రెండు కనుపాపలును చిన్నవాయెను. కుడి కంటికి మార్చగానే రెండును పెద్దవాయెను. కన్ను బాగుగనే యున్నదనియు, చూచినదానిని మెదడునకు చేరవేయు దృక్‌నాడి దెబ్బతిన్నదనియు నాయన చెప్పెను. ఆ నరమున 10 లక్షలకు పైగా సన్నని తంతువులు గలవు. అది సుమారు 1 సెంటీమీటరు పొడవుగల యెముక సొరంగము గుండ పోవును. నుదుటి దెబ్బ యెముకవెంట నచటికి చేరి, కదలుటకు చోటులేని నరమును నలుపును. చచ్చిన తంతువులు మరల మొలవవు.

"డాక్టరుగారూ, అరెకరం పొలముంది. అమ్మేస్తాను. ఆపరేషను చేయండి" అని తండ్రి చేతులు జోడించెను. స్కానునందు నరమును నొక్కు నెముక ముక్క గాని రక్తము గాని కానరాలేదు. 1999లో ప్రకటింపబడిన 133 మంది రోగుల యంతర్జాతీయ పరిశీలనయందు, స్టెరాయిడ్లు గాని శస్త్రచికిత్స గాని యూరక కనిపెట్టియుండుటకంటె స్పష్టముగా మేలని తేలలేదని వైద్యుడు వివరించెను. చికిత్స పొందని కొద్దిమందిలోను సగముకంటె నెక్కువమందికి చూపు కొంత మెరుగాయెనట. 2004లో ప్రకటింపబడిన, 10,008 మంది తలగాయములవారి పరీక్షయందైతే, రెండు వారములలో స్టెరాయిడ్లు పొందినవారిలో నూటికి 21 మందియు, పొందనివారిలో నూటికి 18 మందియు మరణించిరి.

పొలమమ్ముటకంటె నేమియు చేయక వేచియుండుట యా తండ్రికి కష్టతరమాయెను. ఐనను వేచియుండెను. మూడు నెలలకు బాలుడా కంటితో వ్రేళ్లు లెక్కింపగలిగెను. అక్షరములు మాత్రము కానరాలేదు. నల్లబల్ల యెడమ కంటివైపు పడునట్లు వానిని తరగతిలో కుడి చివర కూర్చుండబెట్టితిమి. మిగిలిన కంటిని కాపాడుటకు వైద్యుడు గట్టి పాలికార్బనేటు కళ్లద్దములు వ్రాసి యిచ్చెను.

తలిదండ్రులారా, వేచియుండుట వైద్యుడు చెప్పవలసిన మాటయే గాని మనము ఇంట నిశ్చయింపదగినది కాదు. కంటి వెనుక రక్తము నిండి నొక్కుచున్నచో గంటలలోనే చూపు శాశ్వతముగా పోవచ్చును. అట్టివారికి తక్షణ శస్త్రచికిత్స యవసరము. కావున బిడ్డ నుదుటికి దెబ్బ తగిలినచో, ఒక్కొక్క కన్ను మూయించి రెండవదానితో చూడుమని యడుగుడు. చూపు తగ్గినచో నా గడియనే బయలుదేరుడు. విద్యార్థులారా, రెండు చక్రముల బండి యెక్కునప్పుడు హెల్మెటు మరువకుడు.