మూగవోయిన ఆంప్లిఫయరు

నెల్లూరు తీరమున ఉప్పుగాలి తినని లోహము లేదు. తలుపు గొళ్లెములు, సైకిలు గొలుసులు, పడవ మేకులు, అన్నిటికిని త్రుప్పే. అట్టిచోట ధ్వనియంత్రములు చెడుట వింత గాదు. మైపాడు ప్రాంతమున ఒక పట్టపుపాలెమునందలి ప్రార్థనామందిరములో ఆంప్లిఫయరు మూగవోయెనని విని మేము మువ్వురము పోయితిమి. అది కీర్తనలకే గాక తుపాను హెచ్చరికలు చదువుటకును పనికివచ్చును. కరెంటు పోయినను 12 వోల్టుల బ్యాటరీతో నడుచును. 1989 నవంబరులో కావలి చెంత తీరము దాటిన తుపానును చూచిన పెద్దలు అచ్చట గలరు. వారు మమ్ము తొందరపెట్టుటలో తప్పేమి?

మా పరికరములు మూడు: చౌకరకపు మల్టీమీటరు, ఒకటిన్నర వోల్టుల బ్యాటరీ, పాత ఇయర్‌ఫోను. (వోల్టులను, ఓములను ఒకే పెట్టెలో కొలుచు ఆవో మీటరు 1923లో ఇంగ్లండునందు వెలువడినది, అట్టి సౌకర్యము నేడు బడిపిల్లలకును అందుబాటైనది.)

మేము గోడ కరెంటు జోలికి పోలేదు. మొదట చిన్న బ్యాటరీని లౌడుస్పీకరు తీగలకు తాకించగా టక్కుమనెను. కావున స్పీకరు బ్రదికియే యున్నది. మీటరు 8 ఓములకు బదులు ఆరున్నర చూపెను. ఇది దోషము గాదు. ఆ 8 ఏకాంతర విద్యుత్తునకు చెప్పిన లెక్క. మీటరు కొలుచునది తీగచుట్ట నిరోధము మాత్రమే.

పిమ్మట పెద్ద బ్యాటరీ కలిపి చూడగా, 12 వోల్టులును లోపలి పలకకు చక్కగా చేరుచుండెను. మరి పాట ఎచ్చట ఆగుచున్నది? సెల్‌ఫోనునుండి ఒక కీర్తనను లోనికి పంపి, ఏకముఖ విద్యుత్తు చొరకుండ ఇయర్‌ఫోనునకు చిన్న కండెన్సరు జతపరచి, మార్గము నడుమనే తాకించి వింటిమి. నిశ్శబ్దము! అనగా దోషము వెనుక సగముననే గలదు. వాల్యూము కంట్రోలు ముందు కీర్తన స్పష్టముగా వినవచ్చెను; దాటినంతనే లేదు. బ్యాటరీ విప్పి మీటరుతో కొలువగా, దాని రెండు కొనల నడుమ పదివేల ఓములు సరిగానే యుండెను. మధ్యకాలికిని పలకకును మాత్రము సంబంధమే లేదు. దీపము దగ్గరగా పట్టితిమి: టంకము చుట్టును పచ్చని చిలుము.

గీకి, తుడిచి, క్రొత్త టంకము వేసి, పైని వార్నీషు పూసితిమి. మా బస్సు చార్జీలే అంతకంటె ఎక్కువ. ఒక పెద్దాయన మైకు పుచ్చుకొని, ఒడ్డున వల బాగుచేయుచున్న కుమారుని అన్నమునకు రమ్మని పిలిచెను.