అంబలికీ అంకెకీ మధ్య

తెలుగులో ఆరోగ్యం గురించి రాసేవాళ్ళకి కొదవ లేదు. దినపత్రికల్లో ఆరోగ్యం పేజీలున్నాయి, డాక్టర్ల శీర్షికలున్నాయి, యూట్యూబ్ నిండా గురువులున్నారు. నాకు కనపడనిది ఒక వృత్తి. వైద్యం చెయ్యకుండా, ఏదీ అమ్మకుండా, పోషకాహారం మీద వచ్చే పరిశోధనల్ని ఏళ్ళ తరబడి చదివి, ప్రశ్నలడిగి, మనకర్థమయ్యేలా రాయడమే పనిగా పెట్టుకున్న విలేకరి. సాహిత్య పత్రికలో ఈ గోలేమిటి అనకండి. ఇదీ వచనం గురించిన సంగతే.

ఆ చోటుకి దగ్గరగా వచ్చినవాళ్ళు అనగానే నాకు మొదట గుర్తొచ్చేది విజయవాడ డాక్టర్ సమరం గారు. గోరా గారబ్బాయి, నాస్తిక కేంద్రం వాతావరణం నుంచి వచ్చినవారు. స్వాతి వారపత్రికలో పాఠకుల ప్రశ్నలకి ఆయనిచ్చిన జవాబుల మీద జోకులేసుకుంటూ పెరిగిన తరం మాది. జోకులు పక్కనపెట్టి, రచనగా చూడండి. హస్తప్రయోగం వల్ల బలం పోతుందన్న భయం మీద, పోయిన బలం తెప్పిస్తామనే లేహ్యాల మీద ఎంత వ్యాపారం నడిచిందో రైల్లోంచి గోడల మీద రాతలు చూసినవాళ్ళకి తెలుసు. ఆ భయాన్ని ఆయన మామూలు మాటల్లో తీసిపారేశారు. అడిగినవాణ్ణి తిట్టరు, నీతి చెప్పరు. సిగ్గుపడకుండా చదువుకోగలిగేలా రాయడం అంత తేలిక కాదు.

అయితే డాక్టరు జవాబుకి ఒక హద్దుంది. వైద్యశాస్త్రం తేల్చేసిన సంగతిని అది ఒక మనిషికి చెప్తుంది. ఇంకా తేలని చోట, శాస్త్రవేత్తలే తగాదా పడుతున్న చోట? తిండి విషయంలో సగం అలాంటి చోట్లే.

అమెరికాలో గ్యారీ టౌబ్స్ అనే విలేకరి ఉన్నారు. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం, స్టాన్‌ఫర్డ్‌లో ఏరోస్పేస్ ఇంజినీరింగ్ చదివి, ఆ తర్వాత జర్నలిజంలోకి వచ్చారు. కోల్డ్ ఫ్యూజన్ బండారం మీద ఒక పుస్తకం రాశారు. తర్వాత ఉప్పు, కొవ్వు మీద పడ్డారు. లావెక్కడానికి అసలు దోషి కొవ్వు కాదు, పిండిపదార్థాలూ చక్కెరా అంటూ 2002లో న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్‌లో రాసిన వ్యాసం పెద్ద దుమారం లేపింది. 2012లో ఇంకో అడుగేసి, ఈ వాదాన్ని ప్రయోగాలతో పరీక్షించడానికి ఒక సంస్థనే పెట్టారు. ఆ డబ్బుతో జరిగి 2016లో బయటికొచ్చిన ఒక అధ్యయనం ఆయన ఆశించినంతగా ఆ వాదాన్ని బలపరచలేదు. ఆయన ప్రయోగం జరిగిన తీరునే తప్పుపట్టారు. నాకు ఆ వృత్తిజీవితంలో గొప్పతనమూ, ప్రమాదమూ పక్కపక్కనే కనిపిస్తాయి. "దీనికి ఆధారమేంటి?" అని అందర్నీ అడిగిన మనిషికి, తన వాదాన్నే అలా అడగడం అన్నిటికన్నా కష్టమైన పని. అయినా ఆ తగాదా అంతా పాఠకుల ముందే జరిగింది. ఎవరేమన్నారో, ఎందుకన్నారో చదువుకుని తేల్చుకునే వీలుంది.

ఇక మా వైపు. మాది అరసవల్లి. ఆరోగ్యం ఇమ్మని సూర్యనారాయణమూర్తిని అడగడానికి రథసప్తమికి ఎక్కడెక్కడినుంచో జనం వచ్చే ఊరు. మా అమ్మకి సుగర్. మొన్న ఫోన్లో, "ఒరే, చోడి అంబలి ఎంత తాగినా సుగర్ పెరగదంటన్నార్రా, నిజవేనా?" అంది. వంద గ్రాముల చోళ్ళలో పిండిపదార్థం 70 గ్రాములకి అటూఇటూ ఉంటుంది. బియ్యంలో 78. చోళ్ళలో పీచు, కాల్షియం చాలా ఎక్కువ, అందుకే మంచివి. కానీ "ఎంత తాగినా" అన్న మాట మాత్రం ఏ అంకెలోంచీ రాదు.

అంబలితో పోతే ఫర్వాలేదు. మాకు రెండు గంటల దూరంలో ఉద్దానం. కొబ్బరితోటల సీమ, కిడ్నీ జబ్బుల సీమ. నీళ్ళు, పురుగుమందులు, ఎండలో ఒళ్ళు ఎండిపోయేలా చాకిరీ, వంశపారంపర్యం... అనుమానాలు చాలానే ఉన్నాయి, ఇదీ కారణమని తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మొదలయ్యాయి. అక్కడి మనిషి ఫోనుకి "కొబ్బరినీళ్ళు కిడ్నీలకి చలవ" అన్న వీడియో వస్తే ఏమవుతుంది? కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ. దెబ్బతిన్న కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు. రక్తంలో అది పేరుకుంటే గుండె లయ తప్పుతుంది, ఆగిపోవచ్చు కూడా. పెరట్లో చెట్టు, చేతిలో వీడియో. మధ్యలో ఈ మాట తెలుగులో చెప్పేవాళ్ళుండాలి. కారణం తేలలేదని చెప్పడానికీ, తేలనప్పుడు ఏం తినాలో ఏం మానాలో చెప్పడానికీ కూడా.

సమాచారం లేక కాదు. జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో బెరిబెరి పరిశోధనగా మొదలై, 1958లో హైదరాబాదు వచ్చింది. 2017లో అచ్చేసిన పట్టికల్లో 528 ఆహార పదార్థాల లెక్కలున్నాయి, ఇంగ్లీషులో. కొలవడం తార్నాకలో అయిపోయింది. ఆ అంకెని మా అమ్మ గ్లాసు దాకా, ఉద్దానం కొబ్బరిబొండం దాకా మోసుకొచ్చే మనిషికి జీతం ఇచ్చేదెవరు?