నీ గిర్మిట్ ఎప్పుడు అయిపోతది?

మిషన్‌కి వెళ్లేవాళ్లకి ఒక సౌకర్యం ఉంటుంది. బయల్దేరే రోజే తిరిగొచ్చే నెల తెలిసిపోతుంది. మాది లేటర్ డే సెయింట్స్ చర్చి. ఇందులో మిషన్ అబ్బాయిలకి 24 నెలలు, అమ్మాయిలకి 18. జీతం ఉండదు. ఖర్చులకి మనమో, మన ఇంట్లోవాళ్లో నెలనెలా కొంత కట్టుకోవాలి. ఎక్కడికి వెళ్లాలో మనం ఎంచుకోం. చర్చి నుంచి ఉత్తరం వస్తుంది, అందులో ఏ దేశం ఉంటే ఆ దేశం. 2017లో ఇంజినీరింగ్ అయిపోగానే నాకొచ్చిన ఉత్తరంలో ఫిజీ అని ఉంది.

"హనీమూన్‌కి వెళ్లే చోటికి ఒక్కడివే పోతున్నావేంట్రా" అని ఫ్రెండ్స్ ఏడిపించారు. వాళ్ల తప్పేం లేదు. ఫిజీ అని గూగుల్ చేస్తే నీలం నీళ్లు, తెల్ల ఇసుక, ఊయల మంచాలే కనిపిస్తాయి. పసిఫిక్ మహాసముద్రంలో 300కి పైగా దీవులున్న దేశం అది. ఆ ఫొటోలన్నీ నిజమే. కాకపోతే మేం ఉండేది ఆ ఫొటోలకి వెనకవైపు.

పొద్దున ఆరున్నరకి లేవాలి. ఎక్కడికెళ్లినా జతగాడితోనే వెళ్లాలి, ఒంటరిగా తిరగకూడదు. సినిమాలు లేవు, ప్రేమలు లేవు. పైన తెల్లచొక్కా, టై, నల్ల బ్యాడ్జీ. కింద ప్యాంటు బదులు సులు. మన లుంగీకి దర్జీ జేబులు కుట్టి, ఇస్త్రీ చేసిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. అక్కడ పోలీసులూ, ఆఫీసర్లూ కట్టేది అదే. రాజధాని సువాలో వాన ఎప్పుడు పడుతుందని ఎవరూ అడగరు, ఎప్పుడు ఆగుతుందని అడుగుతారు. అద్దాల్లేని కిటికీల బస్సుల్లో, వాన మొదలవగానే తార్పాలిన్ పరదాలు కిందికి లాగుతూ తిరిగేవాళ్లం. చేమదుంప, కర్రపెండలం, కొబ్బరిపాలలో ఉడికించిన చేమాకు తిని తిని ఇంట్లో పప్పుచారు ఎలా ఉంటుందో కలలోకి వచ్చేది.

రైలు అడ్డమొచ్చే ఊరు

చివరి నాలుగు నెలలు నన్ను వనువా లెవు అనే రెండో పెద్ద దీవికి పంపారు. సువాలో సాయంత్రం ఓడ ఎక్కితే తెల్లారేసరికి సవుసవు. అక్కడి నుంచి బస్సులో కొండ దాటితే లంబాసా. రాసేటప్పుడు లబాసా అనే రాస్తారు, పలికేటప్పుడు మాత్రం మధ్యలో సున్నా వస్తుంది. ఫిజీ భాషలో అంతే.

లంబాసా అంటే చెరకు. 1894 నుంచీ అక్కడ చక్కెర మిల్లు ఉంది. సీజన్లో చెరకు బోగీల చిన్న రైలు ఊరి మధ్యలోంచే వెళ్తుంది, కార్లన్నీ ఆగి దారిస్తాయి. గాలిలో మడ్డి వాసన. బజార్లో వినిపించేది ఫిజీ హిందీ. అవధీ, భోజ్‌పురి కలిసిన యాస అది, మన టీవీ హిందీతో వెళ్తే మొదటి వారం తల తిరుగుతుంది. ఊరి బయట నాగ మందిరం ఉంది. పడగెత్తిన పాములా ఉండే ఆ రాయి పెరుగుతోందని భక్తుల నమ్మకం. అందుకే గుడి కప్పు ఇప్పటికే కొన్నిసార్లు ఎత్తు పెంచారు.

ఇంతమంది మనవాళ్లు అక్కడికెలా వెళ్లారు? 1879 నుంచి 1916 దాకా బ్రిటిష్‌వాళ్లు ఓడల్లో 60 వేలకి పైగా మందిని చెరకు తోటల పనికి తీసుకెళ్లారు. ముందు కలకత్తా నుంచి, 1903 నుంచి మద్రాసు నుంచి కూడా. దక్షిణాది నుంచి వెళ్లినవాళ్లే దాదాపు 15 వేలు. వాళ్లలో తమిళులతో పాటు విశాఖ, గోదావరి జిల్లాల తెలుగువాళ్లూ ఉన్నారు. పనిచేయాల్సింది ఐదేళ్లు, దానికి వేలిముద్ర వేసిన కాగితం అగ్రిమెంట్. నోరు తిరగక అది "గిర్మిట్" అయింది, వెళ్లినవాళ్లు "గిర్మిటియాలు" అయ్యారు. ఐదేళ్లయ్యాక సొంత ఖర్చుతో వెనక్కి రావచ్చు. పదేళ్లుంటే ఓడ టికెట్ ఉచితం. అయినా చాలామంది రాలేదు.

తెలుగువాళ్లు 1941లో విడిగా ఆంధ్ర సంఘం కూడా పెట్టుకున్నారు. ఇప్పటికీ అక్కడ రెడ్డి, నాయుడు అనే పేర్లు బోలెడు కనిపిస్తాయి. భాష మాత్రం దాదాపు పోయింది. మూడో తరానికే అందరూ హిందీలోకి వచ్చేశారు.

పక్కింటి తాత

మా చర్చి కుటుంబం ఒకటి ఊరి చివర ఉండేది. శనివారాలు వాళ్ల పెరట్లో గడ్డి కోయడం, వరద వచ్చాక కాలవలో బురద తీయడం మా పని. కంచె అవతల ఉండే చెరకు రైతుకి 78 ఏళ్లు. నా బ్యాడ్జీ మీద ఇంటిపేరు చూసి "మద్రాజీయా?" అన్నాడు. అక్కడ దక్షిణాది వాళ్లందరికీ అదే పేరు. విశాఖపట్నం అన్నాను. పార కింద పెట్టేసి, కంచె దాటి రమ్మన్నాడు.

మేం టీ తాగం, మా చర్చి నియమం. ఆ విషయం చెబితే కొట్టిపారేయకుండా పెరట్లో నాలుగు నిమ్మాకులు తుంపి, మరిగించి, చక్కెర వేసి ఇచ్చాడు. ఆ తర్వాత ప్రతి శనివారం అదే.

తాత చర్చికి రాలేదు. వస్తానని మాటవరసకి కూడా అనలేదు. మంగళవారం సాయంత్రం ఆయనింట్లో రామాయణ మండలి కూర్చునేది, డోలక్ మోత రోడ్డు దాకా వినపడేది. వారం వారం మేం పై వాళ్లకి పంపే లెక్కలుంటాయి: ఎంతమందికి పాఠం చెప్పాం, ఎంతమంది ఆరాధనకి వచ్చారు. ఆ లెక్కల్లో ఆయన ఎక్కడా లేడు.

ఒకరోజు అడిగాడు. "మా ఆజీ నన్ను ఎప్పుడూ గుంటడా, గుంటడా అనేది. ఆమె పోయి అరవై ఏళ్లు దాటింది. తిట్టు అనుకున్నాం అందరం. ఏంటది?"

ఆజీ అంటే వాళ్ల భాషలో నాన్నమ్మ. నాకు నవ్వొచ్చింది, వెంటనే నవ్వు ఆగిపోయింది. ఉత్తరాంధ్రలో పుట్టినవాడికి ఆ మాట చెప్పాలా! "తిట్టు కాదు తాతా. పిల్లాడా అని. ముద్దుగా అంటారు. మా అమ్మమ్మ నన్నూ అదే అంటుంది."

ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత లోపలికెళ్లి ప్లాస్టిక్ కవర్లో పెట్టిన జిరాక్స్ కాగితం తెచ్చాడు. ఆజీ వలస పాసు. సువాలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఇలాంటివి ఉంటాయి, మనవళ్లు వెళ్లి నకళ్లు తీసుకుంటారు. పేరు, తండ్రి పేరు, వయసు 20, ఎత్తు 4 అడుగుల 10 అంగుళాలు, ఎడమ మోచేతి దగ్గర మచ్చ. జిల్లా విజగపటం, తాలూకా పాలకొండ. ఊరి పేరు మాత్రం ఏ గుమాస్తా చెవికి ఎలా వినపడిందో అలా రాశాడు. మూడు రకాలుగా చదవొచ్చు.

"నీ గిర్మిట్ ఎప్పుడు అయిపోతది బేటా?" అని అడిగాడు. జులై అన్నాను. "నీది మంచి గిర్మిట్. తారీఖుకి ఓడొస్తది" అన్నాడు.

ఆయనకీ ఒక గడువుంది. ఫిజీలో 80 శాతానికి పైగా భూమి స్థానిక ఫిజీ తెగలది, దాన్ని అమ్మకూడదు. చెరకు రైతులు చాలామంది 30 ఏళ్ల లీజు మీద సాగు చేస్తారు. గడువు తీరాక పొడిగిస్తే ఉంటారు, లేకపోతే ఖాళీ చేయాలి. 1997 నుంచి ఆ లీజులు వరసగా ముగియడం మొదలైంది. దానికి తోడు 1987లో రెండుసార్లు, 2000లో ఒకసారి కుట్రలు జరిగి ప్రభుత్వాలు కూలాయి. భయంతో వేలమంది ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వెళ్లిపోయారు. ఒకప్పుడు దేశ జనాభాలో దాదాపు సగమున్న భారత సంతతి ఇప్పుడు మూడో వంతు దగ్గరికి వచ్చింది. తాత కొడుకులిద్దరూ ఆక్లాండ్‌లోనే ఉన్నారు. లీజు ఇంకో మూడేళ్లు. ఆ తర్వాత ఏంటని అడిగితే చెరకు వైపు చూపించి, "ఈసారి పంట బాగుంది" అన్నాడు.

వీడ్కోలు పాట

ఆఖరి ఆదివారం చర్చిలో అందరూ "ఈసా లేయి" పాడారు. ఫిజీలో ఎవరు వెళ్లిపోతున్నా పాడే వీడ్కోలు పాట అది. ఎయిర్‌పోర్టుల్లో, రేవుల్లో, రిసార్టుల్లో కూడా పాడతారు. రిసార్టులో వింటే అందంగా ఉంటుంది. నాలుగు నెలలు మనకి అన్నం పెట్టినవాళ్లు పాడితే మాత్రం తల ఎత్తలేం. మా జతగాడు టోంగా దేశపువాడు, ఆరడుగుల మనిషి. నాకంటే ముందు వాడే ఏడ్చాడు.

సాయంత్రం తాత దగ్గరికెళ్లాను. నిమ్మాకు నీళ్లు తాగాం. పాసు నకలు ఇంకొకటి తీయించి ఉంచాడు. "దొరికితే దొరుకుద్ది, లేకపోతే లేదు. ఆ వైపు వెళ్తే చూడు" అన్నాడు అంతే.

మా పద్ధతిలో మిషన్ విమానం దిగగానే అయిపోదు. సొంతూళ్లో చర్చి పెద్ద ఎదుట కూర్చుంటే, ఆయన "నీ సేవ పూర్తయింది" అని చెప్పాక బ్యాడ్జీ తీస్తాం. విశాఖలో అది పది నిమిషాల్లో అయిపోయింది. రెండేళ్లు రోజూ పెట్టుకున్నది తీశాక చొక్కా జేబు దగ్గర చెయ్యి ఊరికే వెళ్లేది. ఉద్యోగంలో చేరడానికి ఇంకా ఆరు వారాలు టైముంది. అమ్మ పెట్టింది తినడం, పడుకోవడం. ఫోన్లో ఏదో ఒకటి చూస్తుంటే ఫిజీ వీడియోలు వచ్చేవి, అవే రిసార్టులు. పూర్తయింది అని చెప్పేశారు కానీ, బ్యాగులో ఆ నకలు కాగితం అలాగే ఉంది.

సెప్టెంబర్‌లో శ్రీకాకుళం మీదుగా పాలకొండ బస్సెక్కాను. పాసు రాసినప్పుడు అది విశాఖ జిల్లా. నేను వెళ్లినప్పుడు శ్రీకాకుళం జిల్లా. ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లా. ఊరు కదలకుండానే చిరునామా రెండుసార్లు మారింది. గుమాస్తా రాతకి సరిపోయే ఊళ్లు మూడూ తిరిగాను. ఏ ఊళ్లోనూ ఆ పేరు, ఆ తండ్రి పేరు తెలిసినవాళ్లు లేరు. నూటపదేళ్ల నాటి మాట, ఎవరికి గుర్తుంటుంది?

మూడో ఊళ్లో అరుగు మీద కూర్చున్న ఒక ముసలామెకి మొత్తం చెప్పాను. "రంగం ఎల్లినోలు మా ఊర్లో శానామంది బాబూ. ఈ ఫిజీ అంతే ఏటి?" అంది. రంగం అంటే రంగూన్. ఆ వైపు సముద్రం దాటిన వాళ్లందర్నీ ఊరు రంగం ఖాతాలోనే రాసుకుంది. ఫిజీకి వెళ్లినవాళ్లకి ఆ జ్ఞాపకంలో కూడా చోటు లేదు. చెరువుగట్టు, తాటిచెట్లు, ఆమె మాటలు ఫోన్లో వీడియో తీశాను. తీస్తుంటే "ఏటి తీత్తన్నావురా గుంటడా" అని నవ్వింది.

పక్కింటివాళ్ల వైబర్‌కి పంపాను. ఇది మీ ఆజీ ఊరో కాదో చెప్పలేను, ఈ మూడింట్లో ఒకటి కావచ్చు అని కూడా రాశాను. రెండు రోజులకి తాత ఫోన్ చేశాడు. వీడియో చాలాసార్లు చూశాడట. ఆక్లాండ్ వాళ్లకీ పంపించాడట. ఏడుస్తాడేమో అనుకున్నాను. ఏడవలేదు. రైతు కదా, అడిగింది ఒకటే.

"ఆ చెరువులో ఎండాకాలం నీళ్లుంటాయా?"

ఉండవు తాతా, ఊళ్లో వాళ్లు చెప్పారు, అన్నాను.

"అందుకే వచ్చుంటది" అన్నాడు.