మెమెంటో అనే మాట వెంట రోములో

రోమన్ ఫోరమ్‌లో సెప్టిమియస్ సెవెరస్ విజయతోరణం ముందు అందరూ ఫొటోల కోసం ఆగుతారు. నేను ఆగింది దాని నెత్తిన ఉన్న శాసనంలో నాలుగో వరుస కోసం. ఆ ఒక్క వరుస చూడాలని ఎన్నాళ్ల నుంచో అనుకుంటున్నాను. పొద్దున గేటు తెరవగానే లోపలికి వెళ్తే ఎండ ఏటవాలుగా పడి, రాతిమీది గాళ్లు కిందినుంచే స్పష్టంగా కనిపిస్తాయి.

క్రీ.శ. 203లో పార్థియన్ల మీద గెలుపుకు గుర్తుగా కట్టిన తోరణం అది. చక్రవర్తి సెవెరస్ పేరుతో పాటు ఆయన ఇద్దరు కొడుకులు కారకల్లా, గేటాల పేర్లూ శాసనంలో ఉండేవి. అప్పట్లో అక్షరాలు కంచువి. పాలరాతిలో అక్షరం ఆకారంలో గాడి తొలిచి, మేకులకు రంధ్రాలు చేసి, కంచు అక్షరాన్ని అందులో బిగించేవారు. కంచును తర్వాతివాళ్లు ఊడబెరుక్కుపోయారు. గాళ్లు, రంధ్రాలు మిగిలాయి. మిగతా వరుసల్లో రంధ్రాలన్నీ అక్షరాల గాళ్లలోనే ఉంటాయి. నాలుగో వరుసకు వచ్చేసరికి లెక్క తప్పుతుంది. అక్షరానికీ అక్షరానికీ మధ్య ఖాళీలో, ఏ పనీ లేని చోట రంధ్రాలు కనిపిస్తాయి. అవి గేటా పేరుకు కొట్టిన మేకులవి.

తండ్రి 211లో బ్రిటన్‌లోని యార్క్‌లో చనిపోయాడు. అన్నదమ్ములిద్దరూ కలిసి ఏలవలసింది. ఆ ఏడాది చివర్లోనే కారకల్లా తమ్ముణ్ణి చంపించాడు. రాజీ చేద్దామని ఇద్దర్నీ పిలిపించిన తల్లి జూలియా డొమ్నా ఒళ్లోనే గేటా ప్రాణం పోయిందని ఆ కాలపు చరిత్రకారుడు కాసియస్ డియో రాశాడు. కొడుకు కోసం ఏడవడానికి కూడా ఆమెకు అనుమతి లేదట. తర్వాత సామ్రాజ్యమంతటా గేటా పేరున్న చోటల్లా ఉలి పడింది. ఈ తోరణం మీద అతని పేరు చెక్కేసి, ఆ జాగాలో మిగిలిన ఇద్దరినీ ఉత్తములు, మహావీరులు అని పొగిడే మాటలు బిగించారు. రాయి చెక్కేవాడు పైపొర తీయగలిగాడు కానీ లోతుగా దిగిన మేకు రంధ్రాలు పోలేదు. పండితులు వాటినే పట్టుకుని, కింద ఏ అక్షరాలుండేవో తిరిగి చదివారు.

ఇలా జ్ఞాపకానికే శిక్ష వేయడాన్ని ఇప్పుడు అందరూ డమ్నాషియో మెమోరియే అంటున్నారు. మాటలు లాటిన్‌వే అయినా, ఆ పేరు పెట్టింది 17వ శతాబ్దపు జర్మన్ పండితులు. రోమన్లకు ఆ పని బాగా తెలుసు, ఈ పేరు తెలియదు.

ఫోరమ్ నుంచి పది నిమిషాలు నడిస్తే వెలాబ్రో దగ్గర సెయింట్ జార్జి గుడిని ఆనుకుని చిన్న ద్వారం ఒకటుంది. వడ్డీ వ్యాపారులు, పశువుల వర్తకులు కలిసి 204లో రాజకుటుంబానికి కట్టించిన కానుక. లోపలి గోడ మీద సెవెరస్ తలమీద ముసుగు కప్పుకుని హోమద్రవ్యం వదులుతుంటాడు, పక్కన జూలియా డొమ్నా. ఆమె పక్కన ఒక మనిషి పట్టేంత జాగా ఖాళీగా, గరుకుగా ఉంటుంది. గేటా అక్కడ నిలబడేవాడు. ఫోరమ్‌లో పోయింది పేరు, ఇక్కడ పోయింది ఒళ్లు. నాకు ఈ రెండోది చూడ్డమే కష్టమైంది. తల్లి బొమ్మ మాత్రం ఆ ఖాళీ పక్కనే పద్దెనిమిది వందల ఏళ్లుగా నిలబడి ఉంది.

నేను రోముకు వెళ్లింది మెమెంటో అనే మాట కోసం. మన దగ్గర ఆ మాట తెలియనివాళ్లు లేరు. పదవీ విరమణ సభైనా, పుస్తకావిష్కరణైనా, స్కూలు వార్షికోత్సవమైనా శాలువా కప్పి, దండ వేసి, చేతిలో మెమెంటో పెట్టాల్సిందే. భాష మీద పట్టింపున్న నిర్వాహకులు మైకులో జ్ఞాపిక అంటారు. మా నాన్నగారికి రిటైర్మెంటు రోజున ఇచ్చింది మా ఇంట్లో గాజు బీరువాలో ఇప్పటికీ ఉంది. ఈ మాట పుట్టింటికి వెళ్తే అది వస్తువే కాదు. ‘గుర్తుంచుకో’ అని ఎదుటి మనిషికి చెప్పే క్రియ. అదీ మామూలు క్రియ కాదు. మెమినీ అనే ఆ ధాతువుకు లాటిన్‌లో వర్తమానకాల రూపాలు లేవు. రూపం చూస్తే జరిగిపోయినదానిది, అర్థం మాత్రం ఇప్పటిది. మనసులోకి తెచ్చుకోవడం అయిపోయింది కాబట్టి ఇప్పుడు గుర్తుంది అన్నట్టు. దాని ఆజ్ఞారూపం ఇంకా విచిత్రం. రోమన్లు చట్టాలు రాసేటప్పుడు, ఇకముందు ఎప్పుడూ ఇలాగే చేయాలి అని శాసించడానికి వాడే రూపం అది. ‘ఇప్పుడు గుర్తు తెచ్చుకో’ అనడం కన్నా ‘ఇక ఎప్పటికీ గుర్తుంచుకో’ అనడానికి దగ్గర. మన మనసు, మతి ఏ మూలం నుంచి వచ్చాయో మెమినీ కూడా ఆ మూలానిదేనని భాషాశాస్త్రం చెబుతుంది. ఇది చదివిన రోజున నాకు కలిగిన సంతోషం చెప్పలేను.

ఈ మాట వినగానే ప్రపంచానికి గుర్తొచ్చేది మెమెంటో మోరీ, అంటే చనిపోతావని గుర్తుంచుకో అని. దానికి రోములో పేరుమోసిన చోటు బార్బెరినీ కూడలి దగ్గరి కపుచిన్ సన్యాసుల గుడి. నేలమాళిగలో సుమారు 3,700 మంది సన్యాసుల ఎముకలతో గోడలు, కప్పులు, దీపాల గుత్తులు అలంకరించారు. ఒక గదిలో పుర్రెలు, ఇంకో గదిలో తుంటి ఎముకలు. ఫొటోలు తీయనివ్వరు, అది మంచిదే. మీరిప్పుడు ఎలా ఉన్నారో మేమూ ఒకప్పుడు అలాగే ఉన్నాం అనే అర్థంలో చివర్లో ఒక రాత ఉంటుంది. అందరూ దాని దగ్గర గంభీరంగా నిలబడుతున్నారు. నన్ను మాత్రం ఆ చోటు పెద్దగా కదిలించలేదు. అన్ని వేల ఎముకల్లో ఏది ఎవరిదో తెలియదు. చావు గుర్తొస్తుంది, చచ్చిపోయిన మనిషి గుర్తురాడు.

ఆ తేడా నాకు అర్థమయ్యేలా చెప్పింది గుంటూరు జిల్లా నుంచి వచ్చి రోములో ఉంటున్న ఒక సిస్టర్ గారు. తెలుగు గురువులు, కన్యస్త్రీలు చదువుకోసమో సేవకోసమో రోములో చాలామందే ఉంటారు. నేను వెళ్లింది శ్రమల కాలం మొదలయ్యే రోజుల్లో. మన క్యాథలిక్కులు విభూది బుధవారం అనే రోజున అవెంటీన్ గుట్ట మీది సాంతా సబీనా గుడిలో పోపు ఆరాధన చేయడం ఆనవాయితీ. అయిదో శతాబ్దంలో కట్టిన గుడి అది. పక్క తోటలో నారింజ చెట్ల నిండా కాయలున్నాయి. ఆ రోజు అక్కడ జనం ఎక్కువని, సిస్టర్ గారు నన్ను నది అవతల తను రోజూ వెళ్లే చిన్న గుడికి తీసుకెళ్లారు.

“మీరు వెనక బెంచీలో కూర్చోండి చాలు. ఏమీ చేయక్కర్లేదు” అన్నారు.

అక్కడ విభూది నుదుట సిలువలా దిద్దరు. తల వంచితే నడినెత్తిన చిటికెడు చల్లుతారు. పోయిన ఏడాది మట్టల ఆదివారానికి తెచ్చిన ఆలివ్ కొమ్మల్ని కాల్చి చేసిన బూడిద. నువ్వు మన్నువని, మళ్లీ మన్నైపోతావని గుర్తుంచుకో అంటూ గురువుగారు ఒక్కొక్కరి తలమీదా చల్లుతున్నారు. ఆయన అన్నది ఇటాలియన్‌లో, రికోర్దాతి అని. ఆ మాటలో ఉన్నది హృదయం, గుండెలోకి మళ్లీ తెచ్చుకోవడం. పాత లాటిన్ పాఠంలో ఆ చోట మొదటి మాటే మెమెంటో. ఇటాలియన్లు రోజువారీ మాటల్లో మెమినీని వదిలేశారు, గుండె ఉన్న మాటనే ఉంచుకున్నారు. ఇంట్లో విభూతి పెట్టుకునే అలవాటున్నవాణ్ణి కాబట్టి, ఆ బూడిద చూసి నాకు కొత్తేమీ అనిపించలేదు. వరసలో నిలబడ్డవాళ్లలో చంకలో బిడ్డనెత్తుకున్న తల్లి ఉంది. గురువుగారు ఆ పసిదాని జుట్టు మీద కూడా చల్లారు. తల్లి నవ్వుతూ దులపబోయి ఆగింది.

బయటికొచ్చాక అడిగాను. “సిస్టర్ గారూ, మెమెంటో అంటే మీకు చావేనా గుర్తొచ్చేది?”

“అయ్యో, కాదండీ” అన్నారు ఆవిడ. “పూజలో రెండు మెమెంటోలు ఉన్నాయి. ఒకటి బతికున్నవాళ్లది, ఒకటి పోయినవాళ్లది. ప్రభువా, వీళ్లను గుర్తుంచుకో అని దేవుణ్ణే అడుగుతాం. అక్కడ గురువుగారు కాస్త ఆగుతారు. ఆ సందులో ఎవరికి వాళ్లం మనవాళ్ల పేర్లు తలుచుకుంటాం. నేను మా అమ్మ పేరు చెప్పుకుంటా. చిన్నప్పుడు నాకు అక్షరాలు నేర్పిన మాస్టారి పేరూ చెప్పుకుంటా. ఆయన మా మతం కాదు. అయినా చెప్పుకుంటా.”

మనిషి దేవుడికి చెప్పే మెమెంటో ఒకటుందని నాకు అప్పుడే తెలిసింది. రోమన్ క్యానన్ అనే పాత ప్రార్థనలో అది ఉంది. పూర్వం ఆ పేర్లను రెండు రేకుల పలకల మీద రాసుకుని గుడిలో పైకి చదివేవారు. ఈ మాటకు నేను విన్న వాడుకల్లో ఇంతకన్నా గొప్పది లేదు.

ఆదివారం నాడు అప్పియా బాటకు వెళ్లాను. క్రీ.పూ. 312లో అప్పియస్ క్లాడియస్ అనే అధికారి వేయించడం మొదలుపెట్టిన దారి అది. మొదట కాపువా దాకా, తర్వాత సముద్రతీరంలో బ్రిందిసి దాకా సాగింది. 2024లో మన ఢిల్లీలో జరిగిన సమావేశంలోనే యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నల్లరాతి పలకలు అరిగి నున్నబడ్డాయి. కొన్ని చోట్ల బండి చక్రాల జాడలు లోతుగా దిగి ఉన్నాయి. రెండు పక్కలా గొడుగుల్లాంటి పైన్ చెట్లు, వాటి కింద సమాధులు. ఊళ్లో శవాన్ని పూడ్చకూడదు, కాల్చకూడదు అని రోమన్ల తొలి చట్టాల్లోనే ఉంది. అందుకని ఊరు దాటగానే రోడ్డుకు ఇరువైపులా సమాధులు కట్టుకున్నారు. చాలామంది బతికుండగానే కట్టించుకుని, ఆ సంగతి రెండు పొడి అక్షరాల్లో చెక్కించారు. ఎవరూ రాని చోట కాకుండా, అందరూ నడిచే చోట. ఎందుకంటే ఈ రాళ్లు మాట్లాడేది దారిన పోయేవాడితో. కాసేపు ఆగు, చదువు, నీ దారిన క్షేమంగా వెళ్లు అని వేడుకునే రాతలు రోమన్ సమాధుల మీద ఎన్నో. ఇలాంటి రాతల్ని అప్పట్లో తరచూ పైకి చదివేవారు. దారిన పోయే మనిషి నోటితో తమ పేరు ఒక్కసారి పలికించుకోవడానికే ఇంత ఏర్పాటు.

సెసీలియా మెటెల్లా సమాధి ఎంత పెద్దదంటే, 14వ శతాబ్దంలో ఒక జమీందారీ కుటుంబం దాన్ని కోటగా మార్చుకుంది. రాతిమీద మాత్రం ఆమె గురించి ఉన్నది ఇంతే: మెటెల్లస్ క్రెటికస్ కూతురు, క్రాసస్ భార్య. తండ్రి, భర్త ఉన్నారు. ఆమె ఎలాంటిదో ఒక్క మాట లేదు.

ఇంకా ముందుకు నడిస్తే రబీరియుల సమాధి వస్తుంది. నాకు ఈ దారిలో అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. ఒకే రాతిలో ముగ్గురు మనుషులు, కిటికీలోంచి రోడ్డును చూస్తున్నట్టు ఛాతీ వరకు. హెర్మోడోరస్, డెమారిస్, ఊసియా ప్రీమా. అసలు రాయిని నగరంలోని మ్యూజియంలో భద్రపరిచి ఇక్కడ నకలు పెట్టారు. ఊసియా రూపం తర్వాతి కాలంలో చేరింది. ఆమె ఐసిస్ దేవత పూజారిణి. అందుకే తల పక్కన పూజలో మోగించే గిలక చెక్కారు. మిగతా ఇద్దరివీ గ్రీకు పేర్లు. హెర్మోడోరస్ పేరు మధ్యలో ఎల్ అని ఒకే ఒక అక్షరం ఉంది. విడుదలైన బానిస అని దాని అర్థం. ఎవరి బానిసో ఆ యజమాని పేరు, పోస్టుమస్ అని, పొడిగా దాని ముందే ఉంది. రోమన్ వక్త సిసిరో కోర్టులో ఎవరి తరఫున వాదించాడో ఆ వడ్డీ వ్యాపారి రబీరియస్ పోస్టుమసే ఈ యజమాని అయి ఉంటాడని పండితుల ఊహ.

నేను ఆ ఒక్క అక్షరం దగ్గర చాలాసేపు ఉండిపోయాను. హెర్మోడోరస్‌ను ఏ ఊళ్లో కొన్నారో, తల్లి ఏమని పిలిచేదో ఎక్కడా లేదు. స్వేచ్ఛ వచ్చాక యజమాని ఇంటిపేరే అతని ఇంటిపేరైంది. బానిసకు చట్టం దృష్టిలో తండ్రి ఉండడు, కాబట్టి తండ్రి పేరు ఉండాల్సిన చోట ఎల్ అక్షరం పడింది. అయినా చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే అతను, అతని వాళ్లు ఆ రాళ్లదారి మీద జాగా సంపాదించి, ముఖాలు చెక్కించి, పేర్లు రాయించారు. చక్రవర్తి కొడుకు గేటా పేరును రంధ్రాల్లో వెతుక్కోవాలి. హెర్మోడోరస్ పేరు ఇప్పటికీ చక్కగా చదవొచ్చు.

నేను అక్కడుండగానే పదేళ్ల పిల్లలు ఓ గుంపు వచ్చారు. పెద్దావిడ ఒకరు వాళ్లను సమాధి ముందు నిలబెట్టి, చదవమన్నారు. ఒకడు హెర్మో దగ్గర ఆగిపోతే పక్కమ్మాయి పూర్తి చేసింది. ఊసియా పేరును అందరూ కలిసి అరిచారు. తర్వాత ఆవిడ వేలితో ఎల్ అక్షరం చూపించి ఏదో అడిగారు. వెనక వరసలోంచి రెండు చేతులు లేచాయి.