గుట్ట మీద ఓటీపీ



మొన్న హాస్టల్లో వాదన నడిచింది. "పోటీ ఉంటే రేట్లు అవే తగ్గుతాయి, మధ్యలో గవర్నమెంటు ఎందుకు?" అన్నాడు టౌను ఫ్రెండ్. నిజమే, 2016లో జియో వచ్చాక డేటా చవకైంది. మరి 2024 జూలైలో ప్రైవేటు కంపెనీలు మూడూ ఒకదాని వెంట ఒకటి పెంచేశాయి కదా, అప్పుడు పోటీ ఎటుపోయింది?

మా ఊరు ముప్పై గడపలు. ఏం మిగుల్తాదని టవరేస్తారు? డిగ్రీ అడ్మిషన్ ఓటీపీ కోసం మేం ముగ్గురం వానలో గుట్టెక్కాం. రెండుసార్లు టైం అయిపోయాకే వచ్చింది. మూడోసారి పడింది. పడకపోతే ఈపాటికి పసుపు చేలో ఉండేవాళ్లం. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు.

2022లో కేంద్రం 24,680 ఊళ్లకు 4జీ ఇవ్వాలని నిర్ణయించి, పని బీఎస్ఎన్ఎల్‌కి అప్పజెప్పింది. లాభం లెక్కేసుకుంటే ఆ ఊళ్ల పేరెవరు ఎత్తుతారు? అందుకే కంపెనీలకు రూలుండాలి, ఊరూరికీ ఇంత సిగ్నలని గట్టిగా అడగాలి అంటున్నాం.

మాతో మాట్లాడ్డానికి మా అమ్మలు ఇప్పటికీ ఆదివారం ఆ గుట్టే ఎక్కుతున్నారు.