తమ్మునికి అండమాను నుండి

బంగాళాఖాతమున, ఓడపై
జనవరి 19

తమ్ముడా,

నిన్న విశాఖ రేవు విడిచినది మొదలు, డాల్ఫిన్స్ నోస్ కొండ మసకబారి, నీలిగీతయై, ఆ గీతయు నీటిలో కలిసిపోవువరకు డెక్కు మీదనే నిలిచితిని. ఓడలో ఎటు చూచినను మనవారే. సంక్రాంతికి శ్రీకాకుళపు తీరగ్రామములకు వచ్చి, అరిసెల డబ్బాలు ఒడిలో పెట్టుకొని మరలిపోవుచున్న కుటుంబములివి. పోర్టుబ్లేరునకు 2024లో శ్రీ విజయపురమను పేరు వచ్చినను వీరి నోట అది నేటికిని పోర్టుబ్లేరే.

వచ్చే శీతకాలమున పిల్లలతో స్కూబా డైవింగునకు ఏ దీవులకు పోదగునో చూచి వ్రాయుమని కోరితివి. మాల్దీవులా, లక్షదీవులా, అండమానులా యని ఛాయాచిత్రములు ముందు పరచుకొని సందేహించుచున్నావు గాని, ఆ చిత్రములలో మూడును ఒక్కటే: తెల్లని ఇసుక, వంగిన కొబ్బరిచెట్టు, నీలాకాశము. భేదమంతయు నీటి అడుగున నున్నది.

అగ్నిపర్వతపు దీవి ఒడ్డునంటి పెరిగిన పగడపు దిబ్బ, దీవి మెల్లమెల్లగా క్రుంగుచుండగా తాను మాత్రము వెలుతురు కొఱకు పైపైకి పెరిగి, తుదకు కొండ మునిగిపోగా వలయాకృతిని మిగులుననియు, నడుమ లోతు తక్కువ మడుగు నిలుచుననియు డార్విన్ 1842లో ప్రకటించిన గ్రంథమున ప్రతిపాదించెను. లక్షదీవులును మాల్దీవులును అట్టి వలయములే. మాల్దీవులలో వలయముల నడిమి కాలువలందు ఆటుపోట్లకు నీరు ఉరవడిగా పారును. ఆ ప్రవాహమునకే సొరచేపలును మాంటా టేకు చేపలును చేరును. అది చేయి తిరిగినవారికి పండుగ, కొత్తవారికి పరీక్ష. లక్షదీవుల మడుగులు నేర్చుకొనువారికి తల్లియొడి వంటివే గాని, ఆ 36 దీవులలో జనవాసము గలవి పదియే, ప్రవేశించుటకు ముందుగా అనుమతిపత్రము పొందవలెను. అండమానులన్ననో, బర్మాలోని అరకాన్ పర్వతపంక్తి సముద్రమున మునిగి మరల తలలెత్తిన శిఖరములు. అడవి అలల వరకు దిగివచ్చును, పగడము ఒడ్డునంటియే పెరుగును. ఒడ్డు నుండి నడిచి నీట దిగదగిన చోటు కలదనియే నేను ఈ దిక్కునకు బయలుదేరితిని. విమానము కాదని ఓడనెక్కుటకు వేరొక కారణము కలదు. దానిని పిదప వ్రాసెదను.

స్వరాజ్ ద్వీపము
జనవరి 27

తమ్ముడా,

హావ్‌లాక్ అని మనము వినుచు వచ్చిన దీవి ఇదియే. దేశవిభజనానంతరము తూర్పు బెంగాలు నుండి తరలివచ్చిన కాందిశీకులు అడవి కొట్టి సేద్యము చేసిరి. గ్రామములు గోవిందనగరము, కృష్ణనగరము, రాధానగరము అను వైష్ణవ నామములు దాల్చినవి. ఒక పలకపై విజయనగరమని చదివినంతనే మన పొరుగు జిల్లా జ్ఞప్తికి వచ్చి గుండె ఝల్లుమన్నది. సముద్రతీరములకు మాత్రము అంకెలే పేర్లు. యాత్రికులెల్లరు సూర్యాస్తమయమునకు పరుగెత్తునది పడమటనున్న ఏడవ సంఖ్య తీరమునకు; అది మిక్కిలి సుందరమే, కాని మునుగుట నేర్వవచ్చినవానికి కావలసినది తూర్పు ఒడ్డు.

నాలుగు దినములు అచ్చటనే శిక్షణ పొందితిని. 1943లో కూస్తో, గాన్యాన్ అను ఫ్రెంచివారిరువురు రూపొందించిన శ్వాససాధనము నుండి పరిణమించిన యంత్రము నోటనుండగా, చుట్టునున్న నీటి ఒత్తిడి ఎంతయో అంతటి ఒత్తిడితోనే గాలి రొమ్ములోనికి వచ్చును. పది మీటర్లు దిగిన ఒత్తిడి రెండింతలగును, గాలి సగమునకు కుంచించుకొనును. అందుచేతనే చెవులు ముందుగా మొరపెట్టును. ముక్కు పట్టుకొని మెల్లగా ఊదుచు దిగవలెనని చెప్పియుండియు, మూడు మీటర్ల యొద్ద నేనా సంగతి మరచి, సూదులు గ్రుచ్చినట్టి నొప్పితో విలవిలలాడితిని. గురువు చేయి పట్టి మీటరు పైకి తెచ్చి, నా కనులలోనికి చూచుచు, చెవులు విచ్చుకొనువరకు నిశ్చలముగ నిలిచెను. పైకి తేలువేళ బిగబట్టిన గాలి వ్యాకోచించి ఊపిరితిత్తులను చీల్చగలదు గనుక ఊపిరి బిగబట్టరాదన్నది ఇక్కడి ప్రథమ సూత్రము. ప్రాణాయామమున కుంభకమునే సాధనగా ఎంచినవాడను గనుక, దానిని విడుచుటకే నాకు రెండు దినములు పట్టినది.

నీమో రీఫ్ అను చోట ఒడ్డు నుండి నడిచియే దిగితిమి. మొదటి దినమున నా బుడగల ధ్వని తప్ప వేరేదియు ఎరుగను. రెండవ దినమున రంగులు చూచితిని. ఎరుపు కొద్ది మీటర్లకే వన్నె తగ్గి బూడిదవలె కనబడుచుండగా, గురువు దీపము పట్టినంతనే ఆ బూడిద కెంపువలె జ్వలించెను. మూడవ దినమున, మునుపు దాటిపోయిన ఒక రాతియొద్ద నిలువగా, క్రిందటి రెండు మారులును నా కన్నుగప్పిన ఆక్టోపస్ ఒకటి రాతి రంగునే ధరించి, నెరియలో నుండి నన్ను చూచుచుండెను. చిలుక చేపలు పగడపు రాతిని కొరుకు కరకర శబ్దము చెవికి సోకినది. అవి నమిలి విడిచిన పొడియే తీరపు తెల్లని ఇసుకలో కొంత భాగము. సీ ఆనిమోన్ కుచ్చుల నడుమ నివసించు క్లౌన్ చేపల కుటుంబమున పెద్దది ఆడుది. అది గతించిన, మగ చేపలలో పెద్దది తానే ఆడుదిగా మారునట.

అదే దిబ్బపై చచ్చిన పగడములును చూచితిని. నీరు వేడెక్కిన పగడపు పురుగు తనలో నివసించు నాచును వెడలగొట్టి తెల్లబారును, వేడిమి తగ్గనిచో ఆకలితో మరణించును. 2010లోను 2016లోను ఈ జలములకా విపత్తు వాటిల్లెను. బూడిదరంగు కొమ్మల నడుమ చిటికెనవ్రేలంత కొత్త కొమ్మ లేచుట కంటబడి నాకు కన్నీరు వచ్చినది. వ్రేలితోనైనను దానిని తాకరాదు; పిల్లలకు ఈ మాట ఇంటియొద్దనే నేర్పుము.

డిక్సన్స్ పినకిల్, జానీస్ గార్జ్ అను ప్రసిద్ధస్థానములు లోతైనవి. బ్రిటిషువారి కాలమున అడవి పనులకు బర్మా నుండి వచ్చిన కరెన్ జాతి వంశీయులగు ఈతగాండ్ర పేర్లు వానికి నిలిచినవి. తొలి శిక్షణకిచ్చు అర్హతాపత్రముతో 18 మీటర్లకు మించి దిగరాదు గనుక, వానిని రెండవ యాత్రకు ఉంచుకొనుము.

షహీద్ ద్వీపము
ఫిబ్రవరి 1

తమ్ముడా,

నీల్ అని పూర్వము పిలువబడిన ఈ దీవికి వచ్చి రెండు దినములైనది. సముద్రపు గడ్డి మేయు డుగాంగు ఈ కేంద్రపాలిత ప్రాంతపు రాష్ట్రజంతువు. అది దర్శనమీయలేదు గాని, ఆ గడ్డిలోనే ఒక తాబేలు ఆవువలె నింపాదిగా మేయుట చూచితిని.

నా నిర్ణయమిది: మూడు దీవులు చుట్టక, స్వరాజ్ ద్వీపముననే ఆరు దినములుండుడు. జనవరి మొదలు ఏప్రిల్ వరకు సముద్రము ప్రశాంతము. నైరుతి ఋతుపవనమున నీరు కలగును. పెద్దమ్మాయికి పండ్రెండు నిండినవి గనుక నేర్వవచ్చును. పదేండ్లు నిండనివారికి పత్రమీయరు. చిన్నది ముసుగును స్నార్కెల్ గొట్టమును పెట్టుకొని నీటి పైనుండియే చూచునుగాక. నీకు బాల్యమున ఉబ్బసముండెను, దానిని దాచి దిగవద్దు. బయలుదేరుటకు ముందే వైద్యునికి చూపించుకొని అతని అనుమతి వ్రాయించుకొనుము.

ఓడ సంగతి: లోతున నత్రజని రక్తమున కరగును. ఒత్తిడి హఠాత్తుగా తగ్గిన, గోళీసోడా మూత తీసినట్లు బుడగలు లేచును. విమానమందును గాలి ఒత్తిడి తక్కువయే. కడపటి మునక పిదప కనీసము 18 గంటలు విమానమెక్కరాదు. నేను కడదినమున గూడ మునుగగోరి ఓడనెంచుకొంటిని. నీకు సెలవులు తక్కువ గనుక విమానముననే రమ్ము, కడపటి దినమును నడకకు విడువుము.

ముసుగు మాత్రము అక్కడ కొనకుము. పట్టీ వేయక ముఖమునకాన్చి ముక్కుతో గాలి పీల్చినపుడు జారక నిలిచినదే సరియైనది. చిన్నదాని ముఖము సన్నము గనుక, ఇచ్చటికి వచ్చిన పిదప నాలుగైదు పెట్టి చూచి ఎంచుదము. ఆ వేళకు నేనును మరల వచ్చెదను.