ఒళ్ళో పెట్టుకుంటే చాలదా?

మన ఇళ్ళల్లో కారెక్కిన పసిబిడ్డ ఎక్కడ కూర్చోవాలన్నది చర్చకు రాదు. అమ్మమ్మ ఉంటే అమ్మమ్మ ఒళ్ళో. ఆవిడకు మోకాళ్ళ నొప్పులైతే మేనత్త ఒళ్ళో. బిడ్డకు కాస్త నడుం నిలబడితే బండి నడిపే తండ్రి ఒళ్ళోకే ప్రమోషను, స్టీరింగు పట్టుకుని హారన్ కొట్టడానికి. పెళ్ళికి బయల్దేరిన కారులో మనుషుల్ని లెక్కపెట్టేటప్పుడు చంటివాళ్ళను అసలు లెక్కలోకే తీసుకోం. అందుకే కూతురి పురిటికి అమెరికా వెళ్ళిన తెలుగు అమ్మమ్మలు చాలామంది మరిదేని దగ్గర సర్దుకుపోయినా కారు సీటు దగ్గర అలుగుతారు. మా ఆవిడా అలిగింది.

మా అమ్మాయి వాళ్ళుండేది న్యూజెర్సీలో. అక్కడి చట్టం ప్రకారం బిడ్డకు రెండేళ్ళో, 30 పౌండ్ల బరువో వచ్చేదాకా కారు వెనక సీట్లో, వెనక్కి తిరిగి ఉన్న సీటులోనే కూర్చోవాలి. ఎనిమిదేళ్ళో, 57 అంగుళాల ఎత్తో వచ్చేవరకూ ఏదో ఒకరకం సీటు తప్పదు. చాలా ఆస్పత్రుల్లో ‘కారు సీటు తెచ్చారా?’ అని అడిగాకే తల్లీబిడ్డల్ని పంపుతారు. నెలలు నిండకుండా, అంటే 37 వారాలలోపు పుట్టిన పిల్లలనైతే ముందుగా ఆ సీటులోనే గంటన్నర నుంచి రెండు గంటలు కూర్చోబెట్టి ఊపిరి, గుండె, ఆక్సిజన్ ఎలా ఉన్నాయో చూస్తారు. ఇదంతా విని మా ఆవిడ, “మెడ నిలవని పచ్చిబిడ్డను ప్లాస్టిక్ డొప్పలో పడేసి తాళ్ళతో కడతారా? నేనేం చచ్చానా, ఒళ్ళో పెట్టుకోనూ?” అంది.

నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. కాగితం తీసుకుని లెక్క వేశాను. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు దేన్నో గుద్దుకుని సెకనులో పదోవంతులో ఆగిందనుకుందాం. ఆ క్షణాన ప్రతి శరీరమూ తన బరువుకు పద్నాలుగు రెట్ల బలంతో ముందుకు విసురుకుంటుంది. మూడున్నర కిలోల బిడ్డ చేతుల్ని దాదాపు 50 కిలోల బరువుగా లాగుతుంది. ఏడాది నిండి పదికిలోలైన బిడ్డయితే 140 కిలోలు. ఏ అమ్మమ్మ చేతులు ఆపగలవు? మా ఆవిడ కాగితం వైపు చూడకుండానే, “మీ లెక్కలు కాలేజీలో చెప్పుకోండి” అంది.

నిజానికి అమెరికావాళ్ళేమీ పుట్టుకతో ఈ సీట్ల భక్తులు కారు. 1970లలో అక్కడా అమ్మ ఒడే. టెనెసీ రాష్ట్రం మర్‌ఫ్రీస్‌బరోలో రాబర్ట్ శాండర్స్ అనే పిల్లల డాక్టరుండేవారు. భార్యతో కలిసి శాసనసభ్యుల్ని వదలకుండా బతిమాలి, వాదించి, 1977లో పిల్లల కారు సీట్ల చట్టం చేయించారు. 1978 జనవరి 1న అది అమల్లోకి వచ్చింది. ఆ దేశంలో అలాంటి చట్టం అదే మొదటిది. అయితే సభ్యులు అందులో ఒక మినహాయింపు పెట్టారు: పెద్దవాళ్ళెవరైనా బిడ్డను చేతుల్లో పట్టుకుని కూర్చుంటే సీటు అక్కర్లేదు! సరిగ్గా మా ఆవిడ వాదనే. శాండర్స్ దానికి ‘పిల్లల్ని నలిపేసే సవరణ’ అని పేరుపెట్టారు. అందులో అతిశయోక్తి లేదు. కారు ఠక్కున ఆగితే ఎత్తుకున్న మనిషి బరువంతా బిడ్డ మీద పడుతుంది, ముందున్నది డ్యాష్‌బోర్డు. 1981లో ఆ మినహాయింపు పోయింది. 1985కల్లా అన్ని రాష్ట్రాలూ ఏదో ఒక చట్టం చేసుకున్నాయి. ఈ కథకు మాత్రం మా ఆవిడ కాస్త మెత్తబడింది. డాక్టరు చెప్పాడంటే మా ఇంట్లో న్యూటన్ కన్నా బరువెక్కువ.

ఇక సీటు కొనడం. మా అల్లుడు సాఫ్ట్‌వేరువాడు కాబట్టి ముందు ఒక ఎక్సెల్ పట్టిక తయారైంది. సీట్ల పేర్లు, ధరలు, బరువులు, నక్షత్రాలు, చదివినవాళ్ళకు కళ్ళు తిరిగేన్ని గళ్ళు. బిడ్డతో సహా చేతికి తగిలించుకుని ఇంట్లోకి తెచ్చుకునే బుట్టసీటు ఒకటి. కారులోనే ఉండిపోయి మొదట వెనక్కి, తరవాత ముందుకు తిప్పుకోగల సీటు ఇంకొకటి. అన్ని వయసులకూ పనికొస్తానని చెప్పుకునేది మరొకటి. ఖరీదైనది కొంటే బిడ్డ ఎక్కువ క్షేమంగా ఉంటాడని అందరికీ ఉండే నమ్మకమే మా అల్లుడికీ ఉంది. అమెరికాలో చట్టబద్ధంగా అమ్మే సీట్లన్నీ, చవకవైనా ఖరీదైనవైనా, ఒకే కేంద్ర ప్రమాణాన్ని దాటాలి. పై ధరంతా మెత్తలకు, రంగులకు, సులువుగా బిగించుకునే ఏర్పాట్లకు. ఈ చివరిది మాత్రం డబ్బు పెట్టదగినదేనని నా అభిప్రాయం.

ఈలోగా అల్లుడి స్నేహితులు, “మా వాడిది పాత సీటుంది, తీసుకెళ్ళండి” అన్నారు. మన ఆచారం ప్రకారం పుట్టిన బిడ్డకు మొదట తొడిగేది పాతబట్టే కదా అని మా ఆవిడ సంబరపడింది. ఉయ్యాలా బట్టలూ బొమ్మలూ ఎవరివైనా నిక్షేపంగా తీసుకోవచ్చు. సీటు సంగతి వేరు. దాని అడుగున తయారైన తేదీ, పనికొచ్చే గడువు ముద్రించి ఉంటాయి. మామూలుగా ఆరునుంచి పదేళ్ళు. ఒక పెద్ద ప్రమాదం చూసిన సీటు పైకి ఎంత బాగున్నా మళ్ళీ వాడకూడదు. దాని చరిత్ర అంతా తెలిసిన అన్నదమ్ముల ఇంటి సీటైతే సరే, నలుగురి చేతులు మారి వచ్చినదైతే వద్దు. వాళ్ళిచ్చినదాని గడువు ఎప్పుడో దాటిపోయింది. చివరకు మధ్యరకం ధరలో కొత్తదే కొన్నారు.

బిగించడం దగ్గర అసలు కష్టం మొదలైంది. అల్లుడు ఆదివారం పొద్దున కారులోకి దూరితే మధ్యాహ్నం భోజనానికి గానీ బయటికి రాలేదు. సీటుకు కొక్కేలున్నాయి, కారు సీటు మడతలో వాటికి కమ్మీలున్నాయి. 2002 సెప్టెంబరు తరవాత అక్కడ తయారైన కార్లన్నిటికీ ఈ ఏర్పాటు ఉండాలి. కొక్కేలు బద్దలైతే దిక్కుండాలని అతను కారు బెల్టు కూడా వేసి రెండిటితోనూ కట్టేశాడు. ఊపి చూస్తే ఊగుతోంది. నిస్పృహలో ఉన్న అతనితో మా అమ్మాయి, “పోలీసు స్టేషన్‌కి పోదాం పద” అంది. నాకు గుండె ఝల్లుమంది. పాస్‌పోర్టు విచారణకు తప్ప మనం పోలీసు స్టేషన్ గడప తొక్కామా?

అక్కడ పిల్లల సీట్లు సరిచూడటానికి శిక్షణ పొంది, పరీక్ష పాసైనవాళ్ళుంటారు. కొన్నిచోట్ల అగ్నిమాపక కేంద్రంలో, కొన్నిచోట్ల పోలీసు శాఖలో, ఆస్పత్రుల్లో నర్సులుగా. ‘సేఫ్ కిడ్స్’ అనే సంస్థ వాళ్ళకు ధ్రువపత్రం ఇస్తుంది. ముందుగా సమయం తీసుకుని వెళ్ళాలి, మామూలుగా రుసుమేమీ ఉండదు. ప్రతి స్టేషన్లోనూ ఉండరు కాబట్టి ఫోన్ చేసి కనుక్కునే వెళ్ళాలి. వెళ్ళేటప్పుడు సీటు పుస్తకం, కారు పుస్తకం రెండూ పట్టుకెళ్ళాలి. పురిటికి నెలరోజుల ముందే ఈ పని చేసుకోవడం మేలు, నొప్పులొచ్చాక ఎవరికి ఓపిక?

మాకు కనిపించినావిడ యాభై దాటిన పోలీసు ఉద్యోగిని. సీటు మోడలు నంబరు, తయారైన తేదీ రాసుకుని, కంపెనీ వెనక్కి పిలిచిన సీట్లలో ఇది ఉందేమో చూసింది. తరవాత చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, “మొత్తం విప్పి మళ్ళీ మీరే బిగించండి” అంది. ఇది నేను ఊహించలేదు. మన దగ్గర సాయమంటే, “మీరు జరగండి సార్, నేను చూసుకుంటా” అని ఒకరొచ్చి రెండు నిమిషాల్లో చేసి పోవడం. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో అటెండరు సర్క్యూటు కలిపిపెడితే పిల్లలు రీడింగులు రాసుకుపోవడం ఏళ్ళ తరబడి చూసిన కళ్ళకు, ఈవిడ పద్ధతి ముచ్చటేసింది. రేపు బిడ్డ కక్కితే కడగడానికి సీటు విప్పుతారు, ఇంకో కారులోకి మారుస్తారు, అప్పుడు నేనుండను కదా అన్నది ఆవిడ మాట. అమెరికా రహదారి భద్రతా సంస్థ 2011లో చేయించిన పరిశీలనలో 46 శాతం సీట్ల వాడకంలో తప్పులు బయటపడ్డాయి. అంటే సీటు కొన్నవాళ్ళలో దాదాపు సగంమంది డబ్బుపెట్టి సగం రక్షణే కొనుక్కుంటున్నారు.

ఆవిడ చెప్తుంటే అల్లుడు చేశాడు. కొక్కేలో, బెల్టో ఏదో ఒకటే. తయారుచేసినవాళ్ళు పుస్తకంలో ఒప్పుకుంటే తప్ప రెండూ కలిపి వాడకూడదు. ఈసారి సీటును మధ్యలో పెట్టారు, వాళ్ళ కారులో అక్కడ కమ్మీలు లేవు, కాబట్టి బెల్టు. దాన్ని చివరంటా మెల్లగా లాగితే లోపల తాళం పడుతుంది, ఆ తరవాత టకటకమంటూ లోపలికి పోవడమే గానీ బయటికి రాదు. సీటు మీద మోకాలు వేసి ఒత్తుతూ బెల్టు లాగాలి. నవారు మంచం బిగించిన చేతులకు ఈ పని కొత్తేమీ కాదు, నేను వెనకనుంచి సలహా ఇవ్వబోతే మా అమ్మాయి కళ్ళెర్రజేసింది. బిగించాక సీటు పైభాగం కాదు, బెల్టు దూరిన చోటనే పట్టుకుని ఊపాలి. అంగుళం మించి కదలకూడదు. బిడ్డ మరీ నిటారుగా కూర్చుంటే తల ముందుకు వాలి ఊపిరి అందదు, అందుకు సీటు పక్కన గుర్తు ఉంటుంది, ఆ మేరకు వాలి ఉండాలి.

వెనక్కి తిప్పడమెందుకో కూడా చెప్పింది. పుట్టిన బిడ్డకు ఒంటి పొడవులో నాలుగోవంతు తలే, మెడ ఎముకలు ఇంకా ముదరవు. ముందుకు తిరిగి ఉంటే తల విసురంతా మెడ మీద పడుతుంది. వెనక్కి తిరిగి ఉంటే తల, మెడ, వీపు కలిపి సీటు డొప్పే కాచుకుంటుంది. ఈ ఆలోచన 1960లలో స్వీడన్‌కు చెందిన బర్టిల్ ఆల్డ్‌మన్‌కు వచ్చింది. జెమినీ వ్యోమనౌకలో వ్యోమగాములు వెల్లకిలా పడుకుని ఒత్తిడిని వీపుమీద తీసుకునే కుర్చీలు చూసి తట్టిందట.

తరవాత ఆ పోలీసావిడ ఒక బొమ్మను తీసి అందరినీ వదిలేసి మా ఆవిడ చేతిలో పెట్టింది. “రోజూ బిడ్డను ఎక్కించేది మీరే కదా.” మా అమ్మాయి తెలుగులో చెప్తుంటే మా ఆవిడ బొమ్మను కూర్చోబెట్టింది. పట్టీలు భుజాల దగ్గరో, కాస్త కిందనుంచో రావాలి. ఛాతీ క్లిప్పు చంకల ఎత్తులో ఉండాలి, పొట్టమీద కాదు. బిగించాక భుజం దగ్గర పట్టీని రెండు వేళ్ళతో గిల్లి చూడాలి, మడత చేతికి చిక్కితే వదులుగా ఉన్నట్టు. మా ఆవిడ గిల్లింది, చిక్కింది, ఇంకాస్త లాగింది, మళ్ళీ గిల్లింది. పోలీసావిడ భుజం తట్టింది.

ఆ ఉత్సాహంలో ఊరినుంచి తెచ్చిన మెత్తటి బొంతను చూపించి, “దీన్ని కింద పరవనా?” అనడిగింది. కింద వద్దు. గుద్దుకున్నప్పుడు బొంత అణిగిపోతుంది, పట్టీలు వదులవుతాయి. చలికోటు తొడిగి కట్టినా అదే గతి. సీటుతో రాని మెడదిండ్లు, మెత్తలు ఏవీ వద్దు. పలచని బట్టలతో కట్టేసి, ఆపైన బొంత కప్పితే చాలు. ఇల్లు చేరగానే నిద్రపోతున్నా సరే సీట్లోంచి తీసి పడుకోబెట్టాలి, అది కారుకే గానీ పడకకు కాదు.

మనవడు తొలిసారి హైదరాబాదు వచ్చినప్పుడు సీటు కూడా విమానంలో వచ్చింది. అప్పుడు తెలిసింది ఇక్కడి కష్టం. మన కార్లలో వెనక బెల్టులు మామూలుగా అలా లాగితే తాళంపడే రకం కావు. కొత్త కార్లలో కొక్కేలు తగిలించే ఐసోఫిక్స్ కమ్మీలున్నాయి కాబట్టి మా కారులో ఎలాగో గట్టెక్కింది. అద్దె కార్లలో అయితే వెనక బకిళ్ళు సీటు కవరు కింద ఎక్కడో సమాధి అయి ఉంటాయి. డ్రైవరును అడిగితే, “వెనక బెల్టెందుకు సార్?” అని మన ఆరోగ్యం గురించి కంగారుపడతాడు.

చట్టం లేక కాదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 194బి సెక్షను ఉంది. పద్నాలుగేళ్ళలోపు పిల్లలకు బెల్టో, పిల్లల సీటో లేకుండా బండి నడిపితే వెయ్యి రూపాయల జరిమానా. 2023లో మొదలైన, కార్ల భద్రతకు నక్షత్రాలిచ్చే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో పిల్లల రక్షణకు 49 మార్కులుంటే, వాటిలో 12 పిల్లల సీటు ఆ కారులో ఎంత సరిగ్గా అమరుతుందన్నదానికే. షోరూముల్లో ఆ నక్షత్రాల గురించి చెప్పనివాడు లేడు. ఆ కమ్మీలు ఎక్కడున్నాయో చూపించమంటే మాత్రం పైకప్పు అద్దం తెరిచి చూపిస్తారు. పిల్లల సామాన్ల దుకాణంలో సీటును బల్లమీద పెట్టి చూపిస్తారు గానీ కిందికి దిగి మన కారులో బిగించి చూపేవాడు దొరకడం కష్టం. పుట్టిన బిడ్డకు ఫొటోషూట్ ప్యాకేజీలమ్మే ప్రసూతి ఆస్పత్రులు, శిక్షణ పొందిన ఒక్క నర్సును పార్కింగులో నిలబెడితే ఏం పోయింది? మన పిల్లల్లో ఎక్కువమంది కారులో కాదు, నాన్న స్కూటరు ముందు నిలబడే తిరుగుతారన్నది నిజమే. వాళ్ళకోసం 2022లో కేంద్రం వేరే నియమం తెచ్చింది, నాలుగేళ్ళలోపు పిల్లల్ని నడిపేవారికి కట్టే పట్టీ, హెల్మెట్, గంటకు 40 కిలోమీటర్లు మించని వేగం. రోడ్డుమీద అలాంటి పట్టీ కట్టుకున్న పిల్లను నేనింకా చూడలేదు.

మొన్న మా అపార్టుమెంటులో మూడో అంతస్తు కుర్రాడు సీటు కొనుక్కొచ్చి మమ్మల్ని పిలిచాడు. నేను వెళ్ళి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, “బాబూ, నువ్వే బిగించు” అన్నాను. గిల్లి చూసే పని మా ఆవిడది. వాళ్ళ నాయనమ్మగారు పక్కనే నిలబడి, “మేం వెళ్ళేది సందు చివర గుడికేనమ్మా, దానికి కూడానా?” అన్నారు.

మా ఆవిడ పట్టీ ఇంకాస్త లాగి, “ఆ సందు చివరే కదండీ వాటర్ ట్యాంకర్లు తిరిగేది” అంది.